ఇది ఎవరికి వేసింది?

నా బల్ల మీద మూడు సీసా మూతలున్నాయి. ఆవకాయది, మాగాయది, నిమ్మకాయది. మూడూ అడ్డంగా 63 మిల్లీమీటర్లు. వాటి మీద అతికించే గుండ్రటి స్టిక్కర్‌లో పేరు ఒడియాలో ఉండాలి, తెలుగులో ఉండాలి, మధ్యన ఏదో ఒక బొమ్మ ఉండాలి. పచ్చ గడిలో పచ్చ చుక్క, 14 అంకెల లైసెన్సు నంబరు, బరువు, తయారీ తేదీ ఇవన్నీ సీసా చుట్టూ తిరిగే లేబుల్‌కి పోయాయి కాబట్టి బతికిపోయాను.

పని ఇచ్చింది మా వీధి చివరి పిన్ని. సొంత పిన్ని కాదు. ఒడిశాలో ఉన్న మా బరంపురం తెలుగు వీధుల్లో యాభై దాటిన ఆడమనిషి ఎవరికో ఒకరికి పిన్ని కాకుండా ఉండదు. ఈ ఊళ్లో పచ్చళ్లూ అప్పడాలూ పెట్టి అమ్మేవాళ్లకి కొదవ లేదు, కటకం, భువనేశ్వర్ దాకా వెళ్తాయి. పిన్ని కూడా పాతికేళ్లుగా పాత హార్లిక్స్ సీసాల్లో పోసి అమ్మింది. ఇప్పుడు కొడుకు దుకాణాలకి వేస్తానంటున్నాడు, దుకాణంవాడు లేబుల్ అడుగుతున్నాడు. అలా నా దగ్గరికి వచ్చింది.

నాలుగు నెలలైంది. మొన్న గుమ్మంలో నిలబడి అంది: "ఏటమ్మా, మూతకి ఓ బొమ్మెయ్యడానికి ఇన్నాళ్లా? ఈపాటికి నాను రెండు జాడీలు కలిపీసేను."

ఆ నాలుగు నెలల్లో మొదటి రెండూ ఎక్కడికి పోయాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ రెండు నెలలూ నేను ఇన్‌స్పిరేషన్ వెతుక్కున్నాను.

ఈ మాటకి మనవాళ్లు స్ఫూర్తి అంటారు, ప్రేరణ అంటారు. నేను స్ఫూర్తి అనే మాట ఎక్కువగా విన్నది విగ్రహావిష్కరణ సభల్లో. ఫలానావారి స్ఫూర్తితో ముందుకు సాగుతాం అని మైకులో అంటారు, తర్వాత భోజనాలకి సాగుతారు. డిజైనర్ల మధ్య కూడా ఈ మాట దాదాపు అలాగే వాడుకలో ఉంది. పెద్ద నగరంలో నేను చదువుకున్న చోట మొదటి వారం నేర్పింది అదే: పని ముట్టుకునే ముందు బొమ్మలు పోగెయ్యి. రంగులు పోగెయ్యి. గోడకి అంటించు, దాని ముందు కూర్చో, లోపల ఏదో కదులుతుంది. దాన్ని మూడ్‌బోర్డ్ అంటారు. నాకు కదిలేది. ఇరవై ఏళ్ల వయసులో ఏం చూసినా కదులుతుంది.

పిన్ని పచ్చళ్లకి కూడా అలాగే మొదలుపెట్టాను. ఫోల్డర్లో మూడొందల పైచిలుకు బొమ్మలు చేరాయి. ఎక్కడో ఐరోపాలో జామ్ సీసాలు, మామిడిపిందె అంచులు, పండగ ముగ్గులు, పాత అగ్గిపెట్టెలు. వాటితోపాటు మన రాయగడ, గుణుపురం వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు. ఎర్రమట్టి గోడ మీద తెల్లగా, పుల్లల్లాంటి కాళ్లూ చేతులతో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు. ఇవాళ కప్పుల మీద, చీరల మీద, విమానాశ్రయాల గోడల మీద ఎక్కడ చూసినా ఇవే. నేను కూడా ఆ మనుషుల్ని చేయీ చేయీ పట్టించి మూత చుట్టూ తిప్పాను. ఎర్ర నేల, తెల్ల గీత, మధ్యలో మామిడికాయ. బాగుంది. ఇప్పటికీ బాగుందనే అంటాను, అదే ఇబ్బంది.

ప్రూఫ్ తీయించడానికి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి వెళ్లాను. అక్కడ మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడు గుణుపురం అవతలి కొండూరి సవర పిల్లాడు. షీటు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత ఒడియాలో అడిగాడు: "నానీ, ఇది ఎవరికి వేసింది?"

(ఇక్కడ నానీ అంటే అక్క. మా విజయనగరం చుట్టాలు మొదటిసారి విన్నప్పుడు నన్ను పిల్లాడి ముద్దుపేరుతో పిలుస్తున్నారేంటని నవ్వారు.)

పచ్చడి సీసాకి అన్నాను.

"అది కాదు. ఎవరికి?"

నాకు అర్థం కాలేదని వాడికి అర్థమైంది. ఇంకేమీ అనలేదు, రంగు సరిగ్గా పడిందా లేదా చూసుకోమన్నాడు.

సవరల గోడబొమ్మని ఇడితాల్ అంటారు. దాని గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950ల్లోనే వివరంగా రాశాడు, ఆ సంగతులు నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. తెలిసి కూడా అడగలేదు చూశారా. ఆ బొమ్మ ఊరికే గోడ అందానికి వేసేది కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా ఎవరో చనిపోతారు, లేదా పంటకో పురుటికో దేవత దయ కావాలి. పూజారి ఏ సోనం అడుగుతోందో తెలుసుకుంటాడు. సోనం అంటే దేవత, ఆత్మ, రెండూ. ఆ సోనం కోసం గోడని ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, పుల్ల చివర నలగ్గొట్టి దాంతో గీస్తారు. ముందు ఒక చట్రం గీస్తారు, అది ఇల్లు. ఆ సోనానికి ఇల్లు. అందులో దానికి కావలసినవి వేస్తారు. ఏనుగు కావాలంటే ఏనుగు, నౌకర్లు కావాలంటే నౌకర్లు. ఎల్విన్ చూసిన వాటిల్లో సైకిళ్లూ విమానాలూ కూడా ఉన్నాయి. కొండ మీది సోనానికి విమానం ఎందుకని మనం నవ్వుకోవచ్చు. వేసినవాడు ఆ రోజు తనకి ఏది స్ఫూర్తినిచ్చిందో అది వెయ్యలేదు, ఆ ఇంట్లోకి దిగాల్సినవాళ్లకి ఏది లేకపోతే లోటో అది వేశాడు.

అందుకే ప్రెస్ కుర్రాడి ప్రశ్న వాడి వరకు చాలా మామూలు ప్రశ్న. చొక్కా చూసి ఎవరి కొలతకి కుట్టారు అని అడిగినట్టు.

గిరిజన కళని బయటివాళ్లు వాడుకోవడం దొంగతనమా, గౌరవమా అని ఒక వాదన ఎప్పుడూ నడుస్తుంటుంది. డబ్బు ఎవరికి చేరుతోంది అన్న దగ్గర దొంగతనం అనేవాళ్ల వైపే నేను. కానీ ఆ సాయంత్రం నన్ను తినేసింది అది కాదు. నా దగ్గర మూడొందల జవాబులున్నాయి, ఒక్క ప్రశ్న లేదు. ఆ మూత గుండ్రంగా ఉందని, దాని మీద రెండు లిపులు ఉండాలని, కొనేవాళ్లలో సగం మందికి తెలుగు రాదని, పిన్ని ఆవకాయలో వెల్లుల్లి వెయ్యదని నేను రెండు నెలల్లో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. తలుచుకుంటే ఊహకి అడ్డం వస్తాయని పక్కన పెట్టాను. మాకు నేర్పింది కూడా అదే: ముందు స్వేచ్ఛగా ఊహించు, ఇబ్బందులు తర్వాత చూసుకో.

ఇది తప్పని నాకు మగ్గం దగ్గరే తెలిసి ఉండాలి. మాది దేవాంగుల ఇల్లు. ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు అమ్మవారు పుట్టింటికి వచ్చే దేశిబెహరా వీధి మాకు కూతవేటు దూరం. ఒడియావాళ్లు మమ్మల్ని డేరా అంటారు. మా పెదనాన్న బరంపురం పట్టు నేసేవాడు, పొడ కుంభ అంచు చీరలూ జోడులూ. ఆ అంచు చూసే ఉంటారు: అంచు రంగు చీర ఒంటి రంగులోకి గుడి శిఖరాల్లా పొడుచుకు వస్తుంది. దానికి మూడు నాడెలు కావాలి, పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేవి. కుడి అంచుకి ఒకటి, ఎడమ అంచుకి ఒకటి, ఒంటికి ఒకటి. అంచు పేక, ఒంటి పేక ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి మెలిక వేసుకుని వెనక్కి తిరిగిపోతాయి. ఒక్క మనిషికి చేతులు చాలవు కాబట్టి ఆ పక్కన ఇంకొకరు కూర్చోవాలి. ఎండాకాలం సెలవుల్లో ఆ ఇంకొకరు నేను.

నా పని ఒక్కటే. నాడె నా వైపు రాగానే ఈసారి ఎన్ని పడుగు పోగుల దగ్గర తిరగాలో ఆ పోగు దగ్గర తిప్పి అందించాలి. కొన్ని వరసలు ఒకే పోగు దగ్గర, తర్వాత రెండు పోగులు లోపలికి, మళ్లీ కొన్ని వరసలు, మళ్లీ రెండు పోగులు. ఇలా లోపలికి వెళ్లి శిఖరం కొసకి చేరాక అలాగే వెనక్కి రావాలి. శిఖరానికి ఏటవాలు ఉందనుకుంటాం గాని మగ్గానికి ఏటవాలు రాదు. అడ్డం వస్తుంది, నిలువు వస్తుంది. దగ్గరికి పట్టుకుని చూస్తే కుంభం అంతా మెట్లే. దూరం నుంచి చూసేవాళ్లకి అది గుడి. నేను ఒకసారి లెక్క తప్పి ఒక మెట్టు ఎక్కువ దించాను. పెదనాన్న తిట్టలేదు, తల తిప్పి చూసి, "గుడి వంగిపోనాదే" అని నాలుగు వరసలు విప్పదీశాడు.

ఆ కుంభం ఆకారం గుడిని చూసి పుట్టిందా, మగ్గం మెట్లలో పుట్టిన ఆకారానికి తర్వాత గుడి పేరు పెట్టారా అని నేను చాలాసార్లు అనుకుంటాను. నా పందెం రెండోదాని మీదే. ఋజువేమీ లేదు, అక్కడ కూర్చున్న చేతులకి అలా అనిపిస్తుంది అంతే.

సరే, మూత. ఎర్ర ప్రూఫ్ చించి అవతల పారేసి, మూతని ముందు పెట్టుకుని దాన్నే అడగడం మొదలుపెట్టాను. నీ మీద అక్షరాలు ఎలా కూర్చుంటాయి?

గుండ్రటి దారి మీద అక్షరాలు పేర్చినవాళ్లకి తెలుసు. వలయం పైసగంలో రాస్తే అక్షరాల తలలు బయటికి విచ్చుకుంటాయి, పాదాలు లోపలికి ఇరుక్కుంటాయి. కింది సగంలో నిటారుగా చదివేలా రాస్తే అంతా తలకిందులు: తలలు ఇరుకు, పాదాలకి బోలెడంత చోటు. ఇప్పుడు పచ్చళ్లు అని రాయండి. చ కింద ఇంకో చ, ళ కింద ల. తెలుగు తన బరువంతా పాదాల దగ్గర వేలాడదీస్తుంది. పైసగంలో పెడితే ఆ వత్తులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, పండగ రద్దీలో పిల్లల్లా. నేను మొదట అక్కడే పెట్టాను, వత్తులు చిన్నవి చేశాను, అక్షరాలు దూరం జరిపాను, ఏం చేసినా ముద్దే.

ఒడియాలో పచ్చడికి మాట ఆచార. వత్తు లేదు. పైగా ఒడియా అక్షరాలకి తల మీద గొడుగు ఉంటుంది. తాటాకు మీద ఘంటంతో అడ్డంగా గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే నాగరిలో ఉండే తలగీత ఇక్కడ వంపు తిరిగిందని చెబుతారు. ఆ గొడుగులు వలయం పైసగంలో ఎంత హాయిగా కూర్చున్నాయంటే నేనేమీ చెయ్యక్కర్లేకపోయింది. వంపు మీద వంపు. తెలుగుని కిందికి దించాను. వత్తులు కాళ్లు చాపుకున్నాయి. ఇరుకు ఇప్పుడు తలకట్ల దగ్గరికి వచ్చింది, ప తలకట్టూ చ తలకట్టూ తాకబోయాయి. రెంటినీ కొంచెం కత్తిరించాను. ఆ కత్తిరింపే ఈ లేబుల్‌లో నా సొంతం అని ఎవరైనా అడిగితే చూపించగలిగింది. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇక్కడ ఫాంటు గురించి ఒక ముక్క. ముంబైలోని ఏక్ టైప్ వాళ్లు బలూ అని ఒకే కుటుంబంగా మన దేశపు ముఖ్యమైన లిపులకి బొద్దు అక్షరాలు చేశారు. ఒక్కో లిపికి ఒక్కో పేరు. తెలుగుది బలూ తమ్ముడు. ఒడియాది బలూ భాయినా, అంటే అన్నయ్య. సరిహద్దులో ఉన్నవాళ్ల కోసమే పెట్టినట్టుంది పేరు. ఈ ఊళ్లో తెలుగు ఎప్పుడూ తమ్ముడే: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన దగ్గర్నుంచీ, 2018లో దుకాణాల చట్టం మార్చి బోర్డుల మీద ఒడియా తప్పనిసరి చేసిన తర్వాత ఇంకొంచెం ఎక్కువగా. నాకు ఆ చట్టం మీద కోపం లేదు. బోర్డుల పనితోనే రెండేళ్లు గడిచింది.

నా వాదన చదివి హైదరాబాద్‌లో ఉండే స్నేహితురాలు ఒక దెబ్బ కొట్టింది, అది చెప్పకుండా దాటేస్తే అన్యాయం. ఆకారం ఇబ్బందుల్లోంచే పుడుతుందని నువ్వు చెప్పేది నిజమైతే మాంగే గొమాంగో సంగతేంటి అంది.

మాంగే గొమాంగో సవరలకి లిపి ఇచ్చినాయన. అదీ 1936లోనే. సొరాంగ్ సోంపెంగ్ అంటారు, 24 అక్షరాలు. అది ఆయనకి దర్శనంలో కనిపించిందని అక్కడివాళ్ల నమ్మకం, ఆ అక్షరాల్ని పూజిస్తారు. ఇంతకన్నా నికార్సైన ఇన్‌స్పిరేషన్ ఎక్కడుంటుంది? కొలతల్లేవు, కస్టమర్ లేడు, కొండ మీద ఒక మనిషి, ఆకాశం నుంచి అక్షరాలు.

ఒక పూటంతా నోరు మెదపలేకపోయాను. దర్శనాలు వస్తాయా రావా అన్నది తేల్చే మనిషిని నేను కాదు. కానీ ఆయనకి ముందు ఏం జరిగిందో చూడండి. పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాలపాటు సవర భాష నేర్చుకుని, తెలుగు లిపిలో దానికి వాచకాలు రాసి, బడులు నడిపారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణం అచ్చువేసింది. అంటే మాంగే కాలానికి సవర మాట రాసుకోవడానికి తెలుగు ఉంది, ఒడియా ఉంది, పాదిరీల రోమన్ ఉంది. అన్నీ ఎదుటివాళ్ల అంగీలే. మా మాట మా అంగీ వేసుకుంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆ కొండల్లో అంతకుముందే ఉండి ఉండాలి. వచ్చిన జవాబు కూడా గాలిలోంచి ఊడిపడ్డట్టు లేదు: ఒక్కో అక్షరానికి ఒక్కో సోనం పేరు పెట్టారు. ఇడితాల్ చట్రంలో ఎవరు ఉండాలో వాళ్లే అక్షరంలోకి వచ్చి కూర్చున్నారు. ప్రెస్ కుర్రాడి ప్రశ్న ఆ లిపిని అడిగితే 24 సార్లు జవాబు చెబుతుంది.

అయినా ఈ వివరణతో నా వాదన గెలిచిందని అనను. ఆ అక్షరాల రూపం చూస్తే తెలుగులా లేదు, ఒడియాలా లేదు. 2012లో కంప్యూటర్ లిపుల పట్టిక యూనికోడ్‌లోకి వచ్చాక నేను వాటిని పెద్దవి చేసి తెర మీద చాలాసేపు చూశాను. ఆ మెలికలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అంతుపట్టదు. ఉండనీ.

ఆ 1936లోనే పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే గిడుగువారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవాళ ఆయన పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది, గిడుగు అనే. ఉచితంగా దొరుకుతుంది. పర్లాకిమిడి తెలుగువాళ్లకి శుభలేఖలు వేసినప్పుడల్లా మొండిగా అదే వాడతాను. ఎవరూ గమనించరు.

అయితే నువ్వు ఏమీ చూడవా అని అడుగుతారు. చూస్తాను. చూడకుండా ఎలా ఉంటాను? కాకపోతే చూసింది పోగెయ్యడం మానేశాను, ఎత్తి రాయడం మొదలుపెట్టాను. పాత బస్టాండు వైపు ఇంకా చేత్తో రాసిన బోర్డులు కొన్ని మిగిలాయి. వాటిల్లో రోజుకి ఒక అక్షరం, ఒక్కటే, కాగితం మీద అచ్చంగా దింపుతాను. నకలే. మాకు నేర్పినచోట నకలు అంటే పాపం, ఇన్‌స్పిరేషన్ అంటే పుణ్యం. నాకిప్పుడు తిరగేసి అనిపిస్తోంది. నకలు చేసేటప్పుడు చెయ్యి అడుగుతుంది: ఇక్కడ కుంచె ఎందుకు ఆపాడు, ఈ అక్షరం మీది గుడి ఎందుకింత పొట్టిది? ఎందుకంటే పైన ట్యూబ్‌లైట్ ఉంది. ఫోన్లో ఫొటో తీసుకుని సేవ్ చేసుకుంటే ఆ ట్యూబ్‌లైట్ ఎప్పటికీ కనపడదు.

మా దగ్గరికి వచ్చే కస్టమర్లు ఇందులో నాకన్నా నయం. ఫోన్ తీసి "ఇదే మోడల్ కావాలి" అంటారు, దాచుకోరు. ఈమధ్య ఏఐతో చేయించిన బొమ్మలు కూడా తెస్తున్నారు. వాటిల్లో తెలుగు దూరం నుంచి తెలుగులాగే ఉంటుంది. దగ్గరికి వెళ్తే తలకట్లు ఉంటాయి, వత్తులు ఉంటాయి, అక్షరం ఉండదు. పెళ్లికొడుకు పేరు చదవబోయి ఒకాయన కళ్లజోడు మార్చుకున్నాడు.

మధ్యలో బొమ్మ ఏం పెట్టానో చెప్పలేదు కదూ. ఆవకాయ మూతకి మామిడికాయ వెయ్యలేదు. ఆవకాయ ముక్కలో టెంక ఉంటుంది, మాగాయకి టెంక తీసేస్తారు. పిన్ని వంటింట్లో ముక్కలు కొట్టే రోజు కూర్చున్నప్పుడు తట్టింది అది. ఆవకాయకి టెంకతో ఉన్న ముక్క, మాగాయకి ఎండి ముడుచుకున్న ముక్క, నిమ్మకాయకి నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పు కూరిన కాయ. ఏ లిపీ రానివాళ్లు కూడా ఏ సీసా ఏదో చెప్పగలరు. పిన్ని కోడలు ఒడియా పిల్ల. మాగాయ బొమ్మ చూసి "ఆంబుల!" అంది, ఎండబెట్టిన మామిడి ముక్కకి వాళ్ల మాట. దాంతో మాగాయకి ఒడియా పేరు ఏం పెట్టాలన్న తగువు ఇంట్లో మొదలైంది, ఇంకా తెగలేదు.

నిన్న ప్రూఫులు తీసుకుని ప్రెస్ నుంచే పిన్ని ఇంటికి వెళ్లాను. కుర్రాడు ఈసారి షీటు వెలుతురుకి పట్టలేదు. టెంక ముక్క వంక చూసి, "ఇది తినొచ్చు," అన్నాడు.

పిన్నికి వివరంగా చెప్పాను: ఒడియా పైన ఎందుకు, తెలుగు కింద ఎందుకు, గొడుగులు, వత్తులు, చోటు. ఆవిడ శ్రద్ధగా వింది. స్టిక్కర్ ఒలిచి మూతకి తనే అంటించింది. మూత సీసాకి బిగించి, కుంకుడు రసంతో నానిన గరుకు చేతులతో ఇంకో అర మలుపు తిప్పింది. తెలుగు పైకి వచ్చింది. ఇంకొంచెం తిప్పింది, రెండూ పక్కలకి పోయాయి.

"బిగించినాక ఏది పైనుందో ఏది కిందుందో ఎవలు సూస్తారమ్మా," అంది. "నూనె కారకుంటే సాలు."